‘బట్’ తర్వాత ఏమిటండీ?

మందహాస మల్టీ స్పెషాలిటీ ఆసుపత్రిలో సందేహపడటాన్ని దసరా వెళ్ళిన సోమవారం నుంచి తప్పనిసరి చేశారు. అంతకుముందు నిషేధం ఉండేది. నిషేధమని ఎవరూ రాసి గోడకి అంటించలేదు గానీ, ఛైర్మన్ డాక్టర్ పద్మాకర్ గారి ముందు సందేహం వెలిబుచ్చిన వాళ్ళు మళ్ళీ ఆయన ముందు కనబడేవారు కాదు. గోడమీద రాత కన్నా అదే బాగా పనిచేసేది.

ఇవన్నీ నీకెలా తెలుసు అంటారా? నా పేరు కొల్లూరి ముక్తేశ్వరరావు. ఆసుపత్రి వీధి చివర ఉన్న శ్రీ వీరభద్ర ప్రెస్సు నాదే. మందహాస వారి మందుల చీటీలు, ఫైలు అట్టలు, ‘నిశ్శబ్దం పాటించండి’ బోర్డులు అన్నీ నేనే వేస్తాను. ఆ ఆసుపత్రిలో పుట్టిన ప్రతి తెలివీ ముందు నా మెషీన్ కిందికి వచ్చి, ఆ తర్వాతే జనం మీదికి పోతుంది.

సందేహాల అవసరం ఎలా వచ్చిందంటే, ఆసుపత్రికి అంతర్జాతీయ గుర్తింపు కావలసి వచ్చింది. ఢిల్లీ నుంచి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వచ్చి అన్నీ చూశారు. గచ్చు మీద మొహం కనబడుతోందని మెచ్చుకున్నారు. పోతూ పోతూ సలోమి అనే నర్సును ఆపి, “మీ పెద్ద డాక్టరు పొరపాటు చేస్తున్నాడని సందేహం వస్తే మీరేం చేస్తారు?” అని అడిగించారు.

సలోమిది నరసాపురం వైపు. మాట దాచుకోవడం తెలియని మనిషి. “మాకు సందేహాలెందుకొత్తాయండీ? ఉజ్జోగాలు చేసుకుందారని వచ్చాం గానీ” అంది.

దాన్ని ఎవరో ఇంగ్లీషులో చెప్పారు. గుర్తింపు ఆగిపోయింది. ‘సిబ్బందిలో సందేహ సంస్కృతి లేదు. మూడు నెలల్లో మళ్ళీ వస్తాం’ అని రాసి వెళ్ళిపోయారు.

ఛైర్మన్ గారు పట్టుదల మనిషి. సంస్కృతి లేదంటే తెప్పిద్దాం అన్నారు. బెంగుళూరు నుంచి నీలాద్రి అనే నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన కొన్నాళ్ళు ఇంగ్లండులో ఉండి, అక్కడివాళ్ళు ఎలా సందేహపడతారో దగ్గరుండి చూసి వచ్చాడట. ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకుంటాడు. మొదటి క్లాసుకి నన్ను కూడా రమ్మన్నారు, అచ్చు వేయాల్సినవి చాలా ఉన్నాయని.

“తెలుగువాడికి సందేహం వస్తే ఏమంటాడు? ‘ఏమో’ అంటాడు, ‘అబ్బే’ అంటాడు, ‘నీ మొహం’ అంటాడు. ఇది అనాగరికం. ఇంగ్లీషువాడు చూడండి. మీరు చెప్పేది శుద్ధ తప్పు అని చెప్పాలనుకోండి, ‘ఐ మే బి రాంగ్, బట్’ అని మొదలుపెడతాడు. అంటే, నాదే తప్పు కావచ్చు అని. కానీ వాడి ఉద్దేశం అది కాదు. ‘ఐ యామ్ అఫ్రైడ్’ అంటాడు, భయం ఏమీ ఉండదు. ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ అన్నాడంటే, ఇక వాడికి మీ మీద గౌరవం మిగల్లేదని అర్థం.”

ఛైర్మన్ గారు ముందు వరుసలో కదిలారు. “అంటే నర్సు నాతో ‘ఐ మే బి రాంగ్’ అంటే, నాది తప్పని అన్నట్టా?”

“అన్నట్టే సార్. కానీ మీరు అలా అనుకోనక్కర్లేదు. అదే ఆ మాటల గొప్పతనం.”

ఛైర్మన్ గారికి ప్రాణం లేచి వచ్చింది. తన మనసు నొప్పించని సందేహాలు ఎన్నైనా రానిమ్మన్నారు.

మర్నాడే సర్క్యులర్ నా దగ్గరికి వచ్చింది. ‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై ఆసుపత్రి ఆవరణలో సందేహములు హోదాను అనుసరించి మాత్రమే వ్యక్తపరచవలెను. పై హోదా వారి సందేహమును కింది హోదా వారు వాడరాదు. ఏమో, అబ్బే, ఊఁహూఁ, పెదవి విరుపు, నొసలు చిట్లింపు మొదలగు స్థానిక సందేహములు నేటితో రద్దు చేయడమైనది.’

హోదాకొక రంగు కార్డు. మెడలో వేసుకోవాలి. ఆయాలకి తెల్లది, ‘సారీ టు ట్రబుల్ యూ, బట్’. నర్సులకి గులాబి రంగుది, ‘ఐ మే బి రాంగ్, బట్’. చిన్న డాక్టర్లకి ‘ఐ వండర్ ఇఫ్’. పెద్ద డాక్టర్లకి ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’. ఛైర్మన్ గారికి బంగారు అంచు కార్డు మీద ఒకే ఒక్క మాట, ‘ఇంట్రెస్టింగ్’. సందేహం ఎదుర్కొన్నవాళ్ళు తిరిగి అనాల్సింది అందరి కార్డులకీ వెనకవైపు ఉంది. ‘థాంక్యూ ఫర్ రైజింగ్ దిస్’. అది అనగానే సందేహం పరిష్కారమైనట్టు లెక్క.

రెండో క్లాసులో సలోమి చెయ్యెత్తింది.

“సారూ, ‘బట్’ అన్నాక ఏమనాలండీ? కార్డులో అక్కడితో అయిపోయిందండి.”

నేను కార్డు తప్పు వేశానేమోనని గాభరాగా చూసుకున్నాను. నా తప్పేం లేదు. వాళ్ళు రాసిచ్చింది అంతే.

నీలాద్రి చిరునవ్వు నవ్వాడు. “అక్కడే ఆగాలమ్మా. ఇంగ్లీషు సంస్కారం అంతా ఆ ఆగడంలోనే ఉంది. ఆ తర్వాతది వినేవాళ్ళ విజ్ఞతకి వదిలెయ్యాలి.”

“మరి వాళ్ళకి తెలవకపోతేనండీ?”

“సందేహం వెలిబుచ్చడం మొదటి దశ. తెలియడం అనేది రెండో దశ. దానికి బడ్జెట్ ఇంకా రాలేదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా పక్కన కూర్చున్న ఆయా మాత్రం కార్డు తిప్పి తిప్పి చూసి, మెడలో వేసుకుని దణ్ణం పెట్టుకుంది.

ఇక మొదలైంది. పూటకి ఒక్కొక్కరూ ఒక్క సందేహమైనా వెలిబుచ్చాలని, లేకపోతే గైర్హాజరు వేస్తామని ఇంకో సర్క్యులర్ వచ్చింది. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? క్యాంటీనులో సాంబారు గరిటె పట్టుకుని ‘ఐ వండర్ ఇఫ్’ అనేవాడొకడు, ‘థాంక్యూ ఫర్ రైజింగ్ దిస్’ అని ఇంకో గరిటె పోసేవాడొకడు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్న ఆయా తలుపు మీద కొడుతూ ‘సారీ టు ట్రబుల్ యూ, బట్’ అని అరిచిందట. బయటినుంచి థాంక్యూ చెప్పి ఎవరి పనికి వాళ్ళు పోయారు. ఆ వారం ఉత్తమ సందేహం బహుమతి ఆవిడకే వచ్చింది. తీసుకోవడానికి సాయంత్రం దాకా కిందికి రాలేకపోయింది.

ఇంటికెళ్ళి ఈ ముచ్చట్లు మా ఆవిడ రాజ్యంతో చెప్పేవాణ్ణి. “ఊఁ” అనేది. మా ఆవిడ ‘ఊఁ’లో సందేహం, అనుమానం, తీర్పు, శిక్ష అన్నీ ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళకి ఇన్ని మాటలెందుకు పడుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంతలో నా ఎడమ మోకాలు మొరాయించింది. చాన్నాళ్ళుగా నొప్పే. ఈసారి మెట్టు మీద అడుగు వేస్తే కలుక్కుమని అక్కడే కూలబడ్డాను. ఛైర్మన్ గారే మోకాళ్ళ స్పెషలిస్టు. చిప్ప అరిగిపోయింది, మార్చాలి అన్నారు. “మీరు మనవాళ్ళు కదా ముక్తేశ్వరరావు గారూ, స్వయంగా నేనే చేస్తాను” అని భుజం తట్టారు. ఆపరేషన్ రోజు ఢిల్లీ ఇన్‌స్పెక్టర్లు కూడా వస్తున్నారని, అద్దాల గదిలోంచి చూస్తారని, నాది చారిత్రకమైన మోకాలని కూడా చెప్పారు. నేను పొంగిపోయాను. మనిషన్నాక పొంగకుండా ఉంటాడా?

ముందు రోజు ఎడమ కాలి మీద నీలి సిరాతో పెద్ద బాణం గుర్తు వేశారు. పొద్దున్నే స్నానం చేయమన్నారు. శుభ్రంగా రుద్దుకుని చేశాను. బాణం పోయింది. మంచం దిగేటప్పుడు కంగారులో కుడి మోకాలు ఇనప కోడుకి కొట్టుకుని దోక్కుపోతే, ఎవరో వచ్చి దాని మీద దూది పెట్టి ప్లాస్టర్ వేశారు. ఇంత చిన్న సంగతి. థియేటర్లోకి తోసుకెళ్ళేసరికి నాకు రెండు కాళ్ళు, అందులో ఒకదానికి మాత్రమే కట్టు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? పూర్వం ఇలాంటప్పుడు ‘ఏ కాలండీ?’ అని రోగిని నోటితో అడిగేవారట. సందేహ సంస్కృతి వచ్చాక, అలా అడగడం మొరటుగా ఉంటుందని మానేశారు.

వెన్నులో సూది ఇచ్చారు. నడుము కింద శరీరం నాది కాకుండా పోయింది గానీ తెలివి మాత్రం నిక్షేపంగా ఉంది. ఛాతీ మీద అడ్డంగా పచ్చ గుడ్డ కట్టారు. అవతల ఏం జరుగుతోందో కనబడదు. వెల్లకిలా పడుకుని పైన పెద్ద దీపం కేసి చూస్తున్నాను. దాని చుట్టూ ఉన్న స్టీలు అంచు అద్దంలా మెరుస్తోంది. అందులో ఎవరో ఒక కాలు ఎత్తి పట్టుకుని గోధుమ రంగు మందు పులుముతున్నారు. ఆ కాలి పిక్క మీద మచ్చ ఉంది. మోటారు సైకిలు సైలెన్సరు కాలిన మచ్చ. అది నా కుడి కాలు.

 నాకున్నవి రెండే కాళ్ళు. ఒకటి పాడైంది. ఇప్పుడు బాగున్న దాన్ని కోసి చిప్ప పీకేస్తే, ఇక నేను దేని మీద నిలబడాలి? మెషీన్ దగ్గర రోజంతా నిలబడేవాణ్ణి. కూర్చుని చేసే పని కాదు నాది.

“అయ్యా, అది కాదండీ! ఎడమ కాలండీ! ఎడమది!” అని అరిచాను.

నా తల దగ్గర మత్తు డాక్టరు హైమవతి గారు నిలబడి ఉన్నారు. ఆవిడ ఒకసారి నా మొహంలోకి చూశారు. తర్వాత గుడ్డ అవతలికి చూశారు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. సంగతి ఆవిడకి తెలిసిపోయింది. దేవుడున్నాడు అనుకున్నాను. ఆవిడ గొంతు సవరించుకుని, అద్దాల గది వైపు తిరిగి, స్పష్టంగా, “సర్, విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్” అన్నారు. అని ఆగారు.

“థాంక్యూ ఫర్ రైజింగ్ దిస్, డాక్టర్” అన్నారు ఛైర్మన్ గారు ఉత్సాహంగా.

ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారని, థియేటర్లో ఉన్న ప్రతి ఒక్కరూ తప్పనిసరిగా ఒక్క సందేహమైనా వెలిబుచ్చాలని ఆయనే ముందు రోజు రిహార్సల్ చేయించారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఎవరు నోరు విప్పినా ఆయనకి అది రిహార్సల్లాగే వినబడుతోంది.

దీపం అంచులో చూస్తే, చిన్న డాక్టరు చేతిలో మందు గుడ్డ పట్టుకుని కాలి కేసి, గోడ మీది ఎక్స్‌రే కేసి చూస్తున్నాడు. అతనికీ తెలిసింది. చెమటలు పడుతున్నాయి. “సర్... ఐ వండర్ ఇఫ్...” అన్నాడు. 

“వండర్‌ఫుల్! థాంక్యూ ఫర్ రైజింగ్ దిస్” అన్నారు ఛైర్మన్ గారు. “కాస్త గట్టిగా అనవయ్యా, అద్దం అవతలికి వినబడాలి.”

“డాక్టరు గారూ, తప్పు కాలండీ బాబూ! నా కుడి కాలు బంగారంలా ఉంది! దాని జోలికి వెళ్ళకండి!” నేను గొంతు చించుకుంటున్నాను. లేవబోతే నడుము లేదు.

“పేషెంటు కూడానా!” ఛైర్మన్ గారు ఆనందం పట్టలేకపోతున్నారు. “నీలాద్రీ, ఇది నువ్వు నాకు చెప్పనే లేదు. భలే చేయించావయ్యా. ఇంట్రెస్టింగ్!”

అద్దాల గదిలో నీలాద్రి మఫ్లరు సర్దుకుంటూ తల ఊపాడు. చెయ్యని గొప్ప పనిని కాదనడం ఇంగ్లీషు మర్యాద కాదు కాబోలు. ఇన్‌స్పెక్టర్లిద్దరికీ తెలుగు రాదు. వాళ్ళు టిక్కులు పెట్టుకుంటున్నారు.

నేను హైమవతి గారి చెయ్యి పట్టుకున్నాను. “అమ్మా, మీకు తెలుసు కదా. తెలుగులో చెప్పండమ్మా, పుణ్యముంటుంది.”

ఆవిడ వంగి నా చెవిలో, “చెప్పాను కదండీ. పెద్ద డాక్టర్లకి ఇంతకు మించి లేదు. రెండోసారి అంటే వాదన కిందికి వస్తుంది” అన్నారు. నిజంగానే బాధపడుతున్నారు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. ఆ నీళ్ళు నా మోకాలికి ఎందుకూ పనికిరావు.

“సిస్టర్, మీదొక్కటే మిగిలింది” అన్నారు ఛైర్మన్ గారు.

సలోమిది ఆ రోజు బయటి డ్యూటీ. అంటే గ్లవుజులు లేకుండా, కోసేవాళ్ళకి కావలసిన పొట్లాలు విప్పి అందిస్తూ చుట్టూ తిరిగే పని. ఆవిడ కాలి దగ్గరే నిలబడి ఉంది. “ఐ మే బి రాంగ్, బట్” అంది.

“థాంక్యూ ఫర్ రైజింగ్ దిస్. అయిపోయాయి. బ్లేడ్ ఇవ్వండి.”

“బట్” అంది సలోమి మళ్ళీ.

“అయిపోయిందమ్మా. ఒక్కసారే. బ్లేడ్.”

దీపం అంచులో బ్లేడు తళుక్కుమనడం నాకు కనబడింది. కళ్ళు మూసుకున్నాను. రాజ్యం గుర్తొచ్చింది. అప్పుడు థియేటర్లో ఏదో చప్పుడు, ఎవరో కెవ్వున కేక వేయడం, ఆ వెంటనే ఛైర్మన్ గారి అసలు గొంతు.

“బుద్ధుందా నీకు? ఏం చేశావు? గడ్డి తింటున్నావా?”

కళ్ళు తెరిచాను. దీపం అంచులో నా కుడి మోకాలు కనబడింది. దాని మీద సలోమి చెయ్యి. గ్లవుజు లేని ఉత్త చెయ్యి, అరచేయి అరచేయంతా ఆనించి పెట్టి, అలాగే ఉంచింది.

మీకు తెలియకపోవచ్చు. మందు పులిమి సిద్ధం చేసిన చోట ఉత్త చెయ్యి తగిలిందంటే, ఇక అక్కడ కోయడానికి వీల్లేదు. గుడ్డలన్నీ తీసెయ్యాలి, పనిముట్లు మార్చాలి, డాక్టర్లు మళ్ళీ మొదట్నుంచీ చేతులు కడుక్కోవాలి. ఏ దేశంలోనైనా అంతే. దానికి ఏ కార్డూ అక్కర్లేదు.

“ఎడమ కాలండి” అంది సలోమి. “ఇది మంచి కాలండి.”

 ఛైర్మన్ గారు వంగి చూశారు. ఎక్స్‌రే చూశారు. మళ్ళీ కాలు చూశారు. ఆయన మొహం మాస్కు వెనక ఎలా ఉందో తెలియదు గానీ, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అద్దాల గదిలో ఇన్‌స్పెక్టర్లు లేచి నిలబడి ఏదో రాసుకుంటున్నారు.

ఆ రోజుకి ఆపరేషన్ ఆపేశారు. మర్నాడు విచారణ. ఛైర్మన్ గారు, నీలాద్రి, హైమవతి గారు బల్ల అవతల కూర్చున్నారు. నన్ను చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. సలోమి ఒక పక్కగా నిలబడి ఉంది.

“గుర్తింపు వచ్చింది” అన్నారు ఛైర్మన్ గారు. “సందేహ సంస్కృతికి నూటికి నూరు. నాలుగు సందేహాలు, నాలుగింటికీ సమాధానం. దేశంలోనే ఇలాంటి థియేటర్ చూడలేదని రాశారు. పరిశుభ్రతలో మాత్రం ఒక మార్కు తగ్గింది. ఆ ఒక్క మార్కు గురించే ఈ విచారణ.”

“ఏ కాలు అన్నది?” అని అడిగాను.

“ఏ కాలు అన్నది ఈ విచారణ పరిధిలోకి రాదండీ” అన్నాడు నీలాద్రి. “సిస్టర్ చేసిన పొరపాటు చూడండి. ఆవిడ సందేహపడలేదు. ఖచ్చితంగా చెప్పింది. సందేహానికి ఇక్కడ అందరికీ కార్డులున్నాయి. ఖచ్చితంగా చెప్పే హక్కు ఏ హోదాకీ ఇవ్వలేదు.”

“ఆవిడ ముట్టుకోవడం వల్ల మీ కాలికి ఇన్ఫెక్షన్ రావచ్చు” అన్నారు ఛైర్మన్ గారు నా వైపు తిరిగి. “మీరు బాధితులు. ఫిర్యాదు చేస్తున్నట్టు ఒక్క మాట అంటే చాలు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఆవిడ ముట్టుకోకపోతే నాకు కాలే ఉండేది కాదు. ఆ చెయ్యికి దణ్ణం పెడతాను గానీ ఫిర్యాదు చెయ్యను” అన్నాను.

ఛైర్మన్ గారు మర్యాదగా నాకు థాంక్యూ చెప్పారు. సలోమిని దుప్పట్ల స్టోరుకి మార్చారు. ఆపరేషన్ టేబుల్‌కి రెండు గజాల దూరంలో చుట్టూ పసుపు గీత గీయాలని, గ్లవుజులు లేని సిబ్బంది అది దాటరాదని, ఇలాంటి దుర్ఘటన మళ్ళీ జరగకుండా ఇదే శాశ్వత పరిష్కారమని అక్కడికక్కడే తీర్మానం చేశారు. అచ్చు వేయమని కాగితం నా ఒళ్ళో పెట్టారు.

బయట వరండాలో సలోమి నా కుర్చీ తోస్తోంది. నేను ఉండబట్టలేక అడిగాను.

“అమ్మా, ఉజ్జోగం పోయినంత పనైంది కదా. చెయ్యి పెట్టే బదులు ఆ ‘బట్’ తర్వాత ఎడమ కాలని ఒక్క ముక్క అనేస్తే అయిపోయేది కదా?”

“మీరు మొత్తుకున్నారు కదండీ, ఏవైంది? మాటంటే థాంక్యూ అనేత్తారండి. చెయ్యికి థాంక్యూ అనలేరు కదండీ” అంది.

కుర్చీ ఆపమన్నాను. ఛైర్మన్ గారు వెనకే వస్తున్నారు.

“వచ్చే బుధవారం మీ ఎడమ కాలు చేసేద్దాం. ఈసారి ఏ అడ్డూ ఉండదు” అన్నారు.

“సలోమి ఎక్కడుంటుందండీ?”

“స్టోర్లో. ఒకవేళ థియేటర్లో వేసినా గీత అవతలే.”

“అయితే నా కాళ్ళు రెండూ కూడా గీత అవతలే ఉంటాయండి” అని, ఆయన కాగితం ఆయనకిచ్చేసి, కుర్చీలోంచి లేచాను. సలోమి భుజం ఆసరా ఇచ్చింది. గేటు దాకా అలాగే వెళ్ళి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

ఎడమ మోకాలు ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు కలుక్కుమంటుంది. వేరే ఊళ్ళో ఎక్కడైనా చూపించుకోవాలి. కుడి కాలు మాత్రం ఒక్క గాటు కూడా లేకుండా శుభ్రంగా ఉంది. దాని మీద నిలబడే మెషీన్ దగ్గర ఈ కథ అచ్చు వేస్తున్నాను.